గోడమీది పచ్చరంగు

మా సంఘములోని ఒక సహోదరుడు తన యింటి ముందుగదికి ముదురాకుపచ్చ రంగు వేయించెను. వరినారు పచ్చ కాదు; చెరువు అడుగుమట్టిలో నాచు కలిసినట్లుండు పచ్చ. మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిచి వచ్చి ఆ గదిలో కూర్చుంటే మామిడితోట నీడకు చేరినట్లుండును. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్ద ఒకరు, "విశ్వాసి యింటికి సున్నము చాలదా? ఈ ఆడంబరమెందుకు?" అనిరి. సహోదరుడు చిన్నబుచ్చుకొని నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నేను చేసింది తప్పాండీ?" అని అడిగెను.

ప్రియులారా, కొండలకు పచ్చదనము తొడిగినవాడు దేవుడే గదా! ఆ వన్నె మన గోడకు వచ్చినంత మాత్రమున పాపమగునా? లేఖనములలో ఇంటికి రంగు వేయించిన రాజొకడు కలడు. అతడు యోషీయా కుమారుడైన యెహోయాకీము. విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, వాటిపై ఎఱ్ఱరంగు. యిర్మీయా 22వ అధ్యాయమును శ్రద్ధగా చదువుడి. ప్రవక్త గద్దించినది రంగును కాదు. పొరుగువానిచేత పని చేయించుకొని కూలి ఇయ్యకపోవుటను. అతని తండ్రియు అన్నపానములు పుచ్చుకొనెను, అయితే దీనులకు న్యాయము చేసెను. అతనికి క్షేమము కలిగెను.

కాబట్టి గోడను చూచి తీర్పు తీర్చుట తొందరపాటే. సున్నము కొట్టిన సమాధులను గూర్చి ప్రభువు చెప్పిన మాటను మా పెద్దగారు మరచిరి కాబోలు. తెలుపు కూడ కప్పగలదు.

అయినను ముదురురంగు ఎక్కువ కప్పును. సున్నపుగోడమీద చెమ్మ దిగినయెడల మరునాడే మరక తెలియును. ఈ పచ్చమీద అరచేతి వెడల్పు బూజు పట్టినను చాలకాలము కంటికి ఆనదు. మోషే ధర్మశాస్త్రములో ఇంటిగోడలకు పట్టు తెగులును గూర్చిన విధి యున్నది (లేవీయకాండము 14). అక్కడ ఆ మచ్చలు పచ్చగానైనను ఎఱ్ఱగానైనను ఉండునని వ్రాయబడెను. యాజకుడు మొదట ఇల్లు ఖాళీ చేయించును. పిమ్మట చూచి, ఏడు దినములు మూయించును. తెగులు వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీయించి, లోపలి గోడలన్నియు గీయించి, వేరు రాళ్లు పెట్టి, వేరు అడుసు పూయింపవలెను. మచ్చమీదనే పూత పూయుమని ఎక్కడను లేదు.

ఇటలీలోని వెరోనా ప్రాంతమున పచ్చని మన్ను దొరకును. పూర్వకాలపు చిత్రకారులు పరిశుద్ధుల పటములలో ముఖములకు అడుగుపూతగా ఆ మన్ను పూసి, పైన గులాబి వన్నె వేసెడివారు. వందల యేండ్లకు పైవన్నె అరిగిపోగా, అనేక పటములలో పరిశుద్ధుల చెక్కిళ్లు నేడు పచ్చగా కనబడుచున్నవి.

నేను సహోదరుని యింటికి వెళ్లితిని. మంచము జరిపించి గోడమీద చేయి వేసి చూచితిని, పొడిగానే యున్నది. "రంగు బాగున్నదయ్యా" అంటిని. అతని ముఖము వికసించెను. "వేసినవానికి లెక్క తీరినదా?" అని అడిగితిని. అతడు నేలవంక చూచెను. "రెండు రోజుల కూలి ఉందండీ. ధాన్యము డబ్బు రాగానే ఇద్దామని..." ఆ రంగు వేసిన మనిషి మాల్యమీది వెనుక వరుసలో కూర్చుండు మన సంఘస్థుడే.

చీకటి పడువేళ సహోదరుని సైకిలు పడమటి పేటవైపు పోవుచుండుట చూచితిని.