అరటి బోదెలో చేవ

తడి కొండ అడవుల్లో పుట్టి, నేలలోని దుంప ఆధారంగా ఏళ్లతరబడి బతికే వెడల్పాటి ఆకుల అరటిని వృక్షశాస్త్రం చెట్టుగా కాక గుల్మంగా, అంటే కలప కట్టని మెత్తని మొక్కగా లెక్కిస్తుంది. కాండంలా కనిపించే దాని బోదె ఒకదాన్నొకటి చుట్టుకున్న డొప్పల దొంతర మాత్రమే. ఈ నిర్మాణాన్ని గమనించిన ప్రాచీన భారతీయ తాత్త్వికులు అందులోంచి ఒక పెద్ద ప్రశ్న తీశారు: మనిషిని పొరపొరగా ఒలుచుకుంటూ పోతే చివరికి ఏదైనా మిగులుతుందా?

అయోధ్య దగ్గర గంగ ఒడ్డున బుద్ధుడు ఉపదేశించినట్లుగా సంయుత్త నికాయం చెప్పే ఫేణ సుత్తంలో, చేవ గల కలపను వెతుక్కుంటూ గొడ్డలితో అడవికి వెళ్లినవాడు ఒక పెద్ద లేత అరటిని మొదలంటా నరికి, డొప్పలు ఒలిచి చూస్తాడు. చేవ మాట అటుంచి, దాని చుట్టూ ఉండవలసిన మెత్తకర్ర కూడా దొరకదు. మనిషిగా వ్యవహరించే ఐదు స్కంధాలలో, అంటే ఐదు రాశులలో, రూపాన్ని (భౌతిక దేహాన్ని) నురుగుతో, వేదనను (అనుభూతిని) బుడగతో, సంజ్ఞను (గుర్తింపును) ఎండమావితో, విజ్ఞానాన్ని (ఎరుకను) గారడీతో పోల్చిన ఆ సుత్తం, సంస్కారాలను, అంటే సంకల్పాలూ అలవాట్లూ వంటి మనోనిర్మాణాలను, అరటి బోదెతో పోల్చింది.

దీనికి ఎదురుగా నిలిచేది కఠోపనిషత్తులోని ముంజగడ్డి. ఆకు పొరల మధ్య నుంచి ఈనెను లాగినట్లు, శరీరం నుంచి అంతరాత్మను ధైర్యంతో వేరుచేయాలని ఆ ఉపనిషత్తు చెబుతుంది. రెండు దర్శనాలూ పొరలు ఒలవమనే అంటాయి; ఒకటి లోపల ఈనె ఉందంటే, మరొకటి లేదంటుంది. ఏ మొక్కను ఎంచుకున్నారన్న దానిలోనే జవాబు ముందుగా ఇమిడిపోయిందన్న అనుమానం ఇక్కడ రాక తప్పదు.

అరటి కూడా అన్నివేళలా ఖాళీగానే ఉండదన్న సంగతి తెలుగు వంటిళ్లకు బాగా తెలుసు. పూతకు వచ్చినప్పుడు దుంప నుంచి పూకాడ బోదె మధ్యగా పైకి పెరుగుతుంది; దవ్వ అనీ దూట అనీ పిలుచుకుని కూర వండుకునేది దానినే. అయితే సుత్తం ఈ సంగతిని విస్మరించలేదు: నరికిన మొక్క లేతదనీ, లోపల ఇంకా కాడ కట్టనిదనీ ప్రత్యేకించి చెప్పింది, పాళీ వ్యాఖ్యానమూ ఆ మాటను అలాగే వివరించింది. పైగా దవ్వ వల్ల ఆత్మవాదికి ఒరిగేదేమీ లేదు. ఎందుకంటే ఒక కాలంలో పుట్టి, గెల దిగాక బోదెతోపాటే నశించేది నిత్యమైన ఆత్మకు ఉపమానం కాలేదు. అసలు కాండమైన దుంపే ఆత్మ వంటిదని వాదించినా చిక్కు తీరదు. పడమటి కనుమల రాతివాలుల్లో ఎండకాలం ఆకులన్నీ రాల్చి దుంపగా మిగిలి, వానలకు మళ్లీ చిగిర్చే అడవి అరటి పిలకలు వేయదు, ఒక్కసారి కాపు కాసి దుంపతో సహా చనిపోతుంది. తోట అరటిలో తల్లిదుంప కుళ్లిపోగా పిలకల దుంపలు ఆ వరసను కొనసాగిస్తాయి. కొనసాగింపు ఉంది కానీ మారకుండా నిలిచే వస్తువు లేదన్న బౌద్ధుల సంతాన భావనకు, అంటే క్షణక్షణం మారే ప్రవాహమే వ్యక్తి అన్న సిద్ధాంతానికి, బోదె కన్నా ఈ పిలకే దగ్గర.

చేవ లేనిది లేనట్టేనా అన్నది అసలు చిక్కుముడి. యాజ్ఞవల్క్య స్మృతి అరటి బోదె ఉపమానాన్ని దహనం ముగించి వచ్చిన బంధువులను ఓదార్చే సందర్భంలో వాడింది. అక్కడ అది దుఃఖాన్ని తేలికపరిచే మాట, జగత్తు మిథ్య అనే సిద్ధాంతం కాదు. ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టే బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో ఈ విషయాన్ని సూటిగా తేల్చాడు: బండి, కుండ, బట్ట స్వభావశూన్యాలే, అంటే ఇతర కారణాలపై ఆధారపడకుండా తమంతట తాము ఉండేవి కావు, అయినా బండి బరువు మోస్తుంది, కుండ నీళ్లు పడుతుంది, బట్ట చలి ఆపుతుంది. చేవ లేని డొప్పలు కూడా ఒకదాన్నొకటి పట్టుకుని బరువైన గెలను నిలబెడుతున్నాయి కనుక, అరటి ఉపమానాన్ని సర్వమూ లేదనడానికి సాక్ష్యంగా చూపడం ఆ ఉపమానాన్ని సగమే చదవడం.