వాడ సొమ్ము – వాడ పెత్తనము

ఒక యింట అత్తగారు మిక్కిలి మంచిది. కోడలికి కట్టుబట్టకు కొదువ రానీయదు. తిండికి లోటు చేయదు. బియ్యము మొదలు కుంకుమ వరకు సమస్తమును తానే తెప్పించి యిచ్చును. కాని కోడలి చేతికి ఒక్క రూపాయి యియ్యదు. “నీకేమి కావలెనో నాకు తెలియదా?” అనును. పదునైదేండ్లు గడచెను. అత్తగారు మంచమెక్కెను, తాళపుచెవుల గుత్తి కోడలి కొంగునకు వచ్చెను. ఆమెకు నూనె ధర తెలియదు. పద్దు వ్రాయుట తెలియదు. బేరమాడుటకు నోరు రాదు. “చూచితిరా, దీనికి సంసారము చేతకాదు” అని ఇరుగుపొరుగు అమ్మలక్కలు నవ్విరి. ఆ చేతకానితనమును పెంచి పోషించినదెవరో అడిగినవారు మాత్రము లేరు.

ప్రభుత్వమునకును పల్లెకును నడుమ గల సంబంధము మన దేశమున పెక్కుచోట్ల ఈ అత్తాకోడండ్ర సంబంధము వంటిదే. రోడ్డు వచ్చును, దీపము వచ్చును, నీళ్ల ట్యాంకు వచ్చును. ఏది ముందు కావలెనో, ఎక్కడ కావలెనో ఆ వాడలో నివసించువారిని అడుగువారు అరుదు. ఇచ్చుట ఔదార్యమే. కాని యెన్నుకొను అధికారమును తనవద్ద నుంచుకొని వస్తువును మాత్రమే యిచ్చుచో, పుచ్చుకొనువాడు ఎన్నటికిని పుచ్చుకొనువాడుగనే యుండిపోవును. చిన్న చిన్న మొత్తములను వాడవారి చేతికే యిచ్చి, మీ వాడను మీరే బాగుచేసికొనుడని చెప్పు పద్ధతి మంచిదా, కాదా? ఇది లెక్కల ప్రశ్నగా కనబడును గాని, నిజమునకు ధర్మప్రశ్న.

నాగర్‌కర్నూలు జిల్లాయందు, అచ్చంపేటకు చేరువను, నల్లమల సీమలో బల్మూరు మండలము కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ జిల్లా యేర్పడువరకు ఇది మహబూబ్‌నగరు జిల్లాలోనిది; అనగా పాలమూరు సీమ. పాలమూరు కూలీ అను మాట వినని తెలుగువారుండరు. వానలు తప్పిన యేడు గుంపుమేస్త్రీలవద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, పిల్లలను చంకనెత్తుకొని, దూరదేశములకు వలసపోయి, ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, పట్టణములలో మేడలు లేపినవారు ఈ సీమవారు.

ఈ సీమలోని వాడ నొకదానిని మనస్సున నూహించుకొందము. కుళాయివద్ద ఎల్లప్పుడును అడుసు. వీధి మలుపున దీపము లేదు; వేకువజామున పనికి పోవు ఆడువారు ఒంటరిగా ఆ మలుపు దాటుటకు జంకుదురు. ఒకనాడు కాంట్రాక్టరు వచ్చి సిమెంటు రోడ్డు వేసి పోయెను. రోడ్డు గడపలకంటె ఎత్తాయెను. వాన కురియగానే నీరు ఇండ్లలోనికి వచ్చెను. ముంబయిలో ఇరువదేండ్లు కాంక్రీటు పోసిన మేస్త్రీ యొకడు తన గడపలో నిలిచి ఆ పనిని చూచుచునే యుండెను. వాలు తప్పుచున్నదని అతనికి తెలియును. అతని నడిగినవారు లేరు. చెప్పినను వినువారు లేరు. అన్యుల నగరములను కట్టినవాడు తన వాడలో లబ్ధిదారుల పట్టికయందు ఒక పేరు మాత్రమే. ఇది నా యూహయే. కాని యిట్టి రోడ్డును చూడని చదువరులు అరుదుగా నుందురు.

ఆ వాడకే ఏబదివేల రూపాయలిచ్చి, “మీరే కూడి తేల్చుకొనుడు, మీరే చేయుడు, లెక్క అందరియెదుట చెప్పుడు” అన్నచో నేమగును? బహుశః వారు రోడ్డును కోరరు. మలుపున దీపమును, కుళాయిక్రింద రాతిపలకలను, నీరు పారుటకు చిన్న కాలువను కోరుదురు. మొత్తము చిన్నదే, ఎన్నిక వారిది. మేస్త్రీ నోరు విప్పును. ఆ నోరు విప్పుటయే ఈ సొమ్మువలన గలుగు మొదటి లాభము, కాలువ రెండవది.

ఈ యాలోచన మనకు క్రొత్తది కాదు. మన శాసనములలో దశబంధమను మాట కనబడును. చెరువు కట్టించినవారికి, దానిని మరమ్మతుచేసి కాపాడువారికి ఆ చెరువుక్రింది భూమిలోనో ఫలములోనో పదియవ వంతు వంటి భాగమును ఇచ్చు మర్యాద అది. ప్రభువు ప్రతి చెరువును తానే త్రవ్వింపబూనక, త్రవ్వువానికి ఆధారము చూపెను. మన కాలమున, 2015లో తెలంగాణమున ప్రారంభమైన మిషన్ కాకతీయయందును ఇట్టి నీతి కొంత కలదు. చెరువులోని పూడికను త్రవ్వు ఖర్చు ప్రభుత్వముది. ఆ మట్టిని పొలమునకు తోలుకొను ఖర్చు రైతుది. ఒండ్రుమట్టి విలువ తెలిసినవాడు గనుక రైతు బండి కట్టెను.

పట్టణములలోను ఇట్టి ప్రయత్నము జరిగినది. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సముదాయాభివృద్ధి పథకమును ప్రారంభించెను. మురికివాడలని పిలువబడు చోట్లకు కార్యకర్తలు పోయి, వాడవారితో కూర్చుండి, వారి యవసరములను వారి నోటనే వినుట ఆ పథకపు మూలసూత్రము. బాలవాడులు, కుట్టుపని కేంద్రములు మొదలగునవి స్వల్పధనముతోను, ప్రజల స్వయంసహాయముతోను వెలసినవి. పల్లెలలో వరంగల్లు సీమయందలి గంగదేవిపల్లి పేరొందినది. అచ్చట నీరు, పారిశుద్ధ్యము మొదలగు పనులకు వేర్వేరు సంఘములను గ్రామస్థులే యేర్పరచుకొనిరి. 2015 ఆగస్టు 17న గ్రామజ్యోతి కార్యక్రమమును ప్రభుత్వము ఆ గ్రామమునందే ప్రారంభించుట దాని కీర్తికి గురుతు.

ఇంత చెప్పినను ఆక్షేపణలు కలవు. “సొమ్ము తినివేయుదురు” అనునది మొదటిది. తినువారు పల్లెలోనే పుట్టుదురా? కోట్ల పద్దులో లక్ష మాయమైనను వాడవానికి తెలియదు. ఏబదివేలలో అయిదువేలు తగ్గినచో కుళాయివద్ద మాట పుట్టును. చిన్న మొత్తమునకు పొరుగింటి కన్నే కాపలా. అయితే ఆ కంటికి లెక్క కనబడవలెను. సిమెంటు బస్తాలెన్ని, ఇసుక యెంత, కూలి యెవరికెంత అను పద్దును గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయవలెను. చదువురానివారికొరకు బిగ్గరగా చదువవలెను. “తప్పులు చేయుదురు” అనునది రెండవది. చేయుదురు, సందేహము లేదు. మొత్తము చిన్నదిగా నుండవలెననుటకు కారణమదియే. మొదటి దినమున కోడలు కూరలో ఉప్పెక్కువ వేయును. అంతమాత్రమున వంటయింటి తలుపు మూయుదుమా?

మూడవ యాక్షేపణ బరువైనది; దానిని దాటిపోవుటకు వీలులేదు. 1997 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము జన్మభూమి కార్యక్రమమును ప్రారంభించెను. సముదాయపు పనులకు ప్రజలు కొంత వాటాను ధనముగనో శ్రమగనో ఇయ్యవలెనని దాని యాశయము. పలుచోట్ల ఆ వాటాను కాంట్రాక్టరే కాగితముపై పూర్తిచేసెనను విమర్శ వచ్చినది. అంతకంటె లోతైన ప్రశ్న వేరొకటి కలదు. ధనికులు నివసించు కాలనీలో రోడ్డు వేయునపుడు వారిని తట్ట యెత్తుమని యెవరును అడుగరు. దినమెల్ల కూలిచేసి, యింటికి వచ్చి పొయ్యి రాజేయు పేదరాలిని మాత్రము శ్రమదానము చేయుమనుట న్యాయమా? లేనివాడు దానము చేయుట, ఉన్నవాడు ఊరక యనుభవించుట – ఇదెక్కడి ధర్మము?

నాకు తోచిన సమాధానమిది. త్రాగునీరు, ప్రధానమైన మురుగుకాలువ, బడి, ఆసుపత్రి – ఇవి ప్రభుత్వము ప్రజలకు తీర్పవలసిన ఋణములు. వానికి వాటా యడుగరాదు. “మీ వాడకు చిన్న గ్రాంటు ఇచ్చితిమి గదా” యని చెప్పి ఆ ఋణమును ఎగవేయనురాదు. ఇక చిన్న పనులయందు వాడవారి వాటా చెమటయే కానక్కరలేదు. వారి తెలివియే, వారు సభలో గడపిన సాయంకాలములే, పని ముగిసిన తరువాత దానిని కాపాడు వారి శ్రద్ధయే చాలినంత వాటా. పనిచేసిన మేస్త్రీకి మేస్త్రీకూలి యియ్యవలెను. పరాయి ఊరిలో అతని నేర్పునకు ధర యున్నపుడు, స్వంత వాడలో అది ఉచితమెందులకు?

నాల్గవది: వాడవారనగా నెవరు? ఊరికి అని యిచ్చిన సొమ్ము ఊరి నడిబొడ్డుననే ఆగిపోవుట మనమెరుగని విషయము కాదు. దళితవాడకును, అడవిలోని చెంచుపెంటకును చేరునప్పటికి అది ఆవిరియగును. పెద్దమనిషి యరుగుమీద కూర్చుండి “అందరికిని సమ్మతమే” యన్నచో అది అందరి సమ్మతి కాజాలదు. నీళ్లు మోయువారు ఆడువారు. నీళ్లనుగూర్చి తీర్మానించువారు మగవారు. కావున సొమ్మును వాడవాడకును వేరువేరుగా నియ్యవలెను. ఆడువారు వంటపనిలో నుండు వేళ సభ చేయరాదు. వారు సగమైనను లేని సభలో చేసిన తీర్మానము చెల్లదనవలెను. ఈ నియమములు లేనిచో మనము పాత పెత్తనమునకే క్రొత్త సంచి కుట్టి యిచ్చినవారమగుదుము.

వాడలకు సొమ్మిచ్చుట పంచాయతీని ప్రక్కకు నెట్టుట కారాదు. గ్రామసభ ద్వారముననే అది జరుగవలెను. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు స్థానమిచ్చినది. కాని సభకు స్థానమున్నంత మాత్రమున చేతిలో స్వేచ్ఛ యుండదు. 15వ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు కేటాయించిన ధనములో నూటికి 60 వంతులు నీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడినవి. ఉద్దేశము మంచిదే, ఐనను కోడలి చేతికి రూపాయి యిచ్చుచు “దీనితో పప్పే కొనుము” అని చెప్పినట్లున్నది. ఇంతేకాదు. తెలంగాణమున 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు తీరిన పిమ్మట, 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువరకు గ్రామములకు ఎన్నికైన పాలకవర్గములు లేవు, ప్రత్యేకాధికారులు పాలించిరి. సర్పంచి లేకపోయినను కుళాయివద్ద అడుసు ఆగదు. తన పనిని తాను చేసికొను అలవాటు వాడలో నున్నచో, ఆ రెండేండ్లు అంత శూన్యముగా గడచియుండవు.

చదువరులారా, సోదరీమణులారా! ఈ విషయము అధికారులకు సంబంధించినదని త్రోసివేయకుడు. మీ వీధిలో పదియిండ్లవారు కూడి ఒక చిన్న పనిని పూనినపుడు, అనుభవజ్ఞులమని మీరే ముందుకు పోయి తీర్మానింపకుడు. మీ యింట అంట్లు తోము స్త్రీ వాడలో ఏది ముందు కావలెనో మొదట ఆమె నడుగుడు. గ్రామసభలో లెక్క చదువుమని కోరుడు. మీ చేతిలోని పెత్తనము కొంత తగ్గుట మీకు కష్టముగా తోచవచ్చును. ఆ కష్టమే మన సంస్కారమునకు పరీక్ష. ధనమిచ్చుట సులభము, ఇచ్చిన చేయి వెనుకకు తీసికొని, కోడలు బేరమాడుచుండగా మౌనముగా ప్రక్కన నిలుచుట కష్టము. అత్తగారు మంచమెక్కకముందే ఆ మౌనమును నేర్చుకొనుట మేలు.