మరల చేర్చుకొనని సేన

దొరకిచ్చిన మాట తప్పి దేశము కొఱకు పోరాడిన సిపాయిని, ఆ దేశమే స్వతంత్రమైన పిదప సేనలో మరల చేర్చుకొనవలదా? ఆజాద్ హింద్ ఫౌజు కథ తలచినప్పుడెల్ల ఈ సందేహము మమ్ము వదలదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమయ్యెను. చెఱపడిన భారతీయ సైనికులు వేలకొలదిగా ఆ ఫౌజులో చేరిరి. 1945 నవంబరులో షా నవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్ అను అధికారులపై ఢిల్లీ ఎఱ్ఱకోటలో విచారణ ఆరంభమయ్యెను. యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపబడెను. దేశము భగ్గుమనెను. 1946 జనవరిలో సేనాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్షను తీసివేసెను గాని, బర్తరఫును, జీతపు బకాయిల జప్తును నిలిపియుంచెను.

1947లో పతాకము మారెను, సేన మాఱలేదు. ఎఱ్ఱకోటలో వకీలు గౌను ధరించి ముద్దాయిల పక్షమున నిలిచిన నెహ్రూ ప్రభుత్వమే వారిని సేనలోనికి తిరిగి తీసికొనలేదు! మాకిది మొదట కృతఘ్నతగానే తోచెను. కాని అదే చెఱలో ఫౌజున చేరక, ఇచ్చిన మాటకు కట్టుబడి, న్యూగినీ వంటి దూరదీవులలో ఆకలితో కూలిపని చేసినవారును గలరు. 1944లో ఇంఫాలు దారిలో ఇరుప్రక్కల తుపాకి పట్టినవారిలో భారతీయులుండిరి. వీరందఱిని మరునాడే ఒక్క వరుసలో నిలుపుట సాధ్యమా? ఆయుధధారి విధేయతను తానే తూచుకొనవచ్చునని ఒకమారు ఒప్పుకొన్నచో, రెండవమారు కాదనుటెట్లు? ఈ వాదమును మేము త్రోసివేయజాలము.

అయినను సేనలో చోటు వేఱు, బ్రదుకునకు ఆధారము వేఱు. షా నవాజ్ ఖాన్ పార్లమెంటు సభ్యుడై మంత్రిపదవి నలంకరించెను. పల్లెకు మరలిన సామాన్య సిపాయికి అట్టి త్రోవ ఏది? స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకము 1972లో గాని రాలేదు. సింగపూరులో ఇరువదియైదేండ్ల యువకుడు అప్పటికి ఏబదియైదేండ్లవాడు.