కుప్ప ఎక్కడ పడుతోంది?

తాండూరులో ఒక తాత ఉండేవాడు. నలభై ఏళ్లు పప్పు మిల్లులో పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టున కూచున్నాడు. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వస్తే, అదేదో తనకే వచ్చినట్టు ఆ వార్త పడిన పేపరు ముక్కను పెట్టెలో దాచుకున్న మనిషి.

ఆయన కొడుకు కొడుకు తాండూరులోనే ఉంటాడు. కూతురు కొడుకు వికారాబాద్‌లో. వరసకు వికారాబాద్‌వాడు బావ, తాండూరువాడు బామ్మర్ది. పగలు ఎవరి చదువు వాళ్లది. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం ఇద్దరూ ఒకే ఆటలో ఉండేవాళ్లు.

2018 వేసవిలో ఇద్దరూ కలిసి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి చెరో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకున్నారు. బావది ఇంటెల్ ఐ3-7100. బామ్మర్దిది ఏఎండీ రైజెన్ 3 1200. గ్రాఫిక్స్ కార్డు ఇద్దరిదీ ఒకటే, జీటీఎక్స్ 1060. పసిపిల్లల్ని తెచ్చినట్టు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని రైల్లో ఇళ్లకు చేరారు.

ఆరేళ్లు గడిచాయి. 2024 వచ్చేసరికి ఆటలో ఊరి బయట కారు బాగానే ఉరికేది. సిటీలోకి, జనం మధ్యలోకి రాగానే బొమ్మ ఆగి ఆగి నడిచేది. తుపాకీ గురిపెట్టేలోపు ఎదుటివాడు కాల్చేసి పోయేవాడు.

బావకు తొందరెక్కువ. ప్రాసెసర్ ముసలిదైందని తేల్చేశాడు. తన బోర్డు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అని చూసుకున్నాడు. ఎవరో వాడి అమ్ముతున్న ఐ5-8400 కనబడింది. దాని సాకెట్ కూడా 1151. ఆరు కోర్లు, అయిదు వేలు. ఇంకేం చూడలేదు. కొనేశాడు.

అదే వారం తాండూరులో బామ్మర్ది మొఖం వేలాడేసుకుని తాత మంచం పక్కన చేరాడు.

“ఏందిరా, గట్లున్నవ్?”

“కంప్యూటర్ ముసలిదైంది తాతా. కొత్తది కట్టిచ్చుకోవాలంటే యాభై వేలైతయ్.”

“చేతిల ఎన్నున్నయ్?”

“పది వేలు.”

తాత కాసేపు మాట్లాడలేదు. “మిల్లు నెమ్మదైతే మా సేటు మిల్లు మొత్తం మార్చలేదురా. నన్ను పిలిచి ఒక్కటే అడుగుతుండె, కుప్ప యాడ పడుతున్నదని. రోలర్ ముందట కందులు కుప్ప పడి, ఎనక జల్లెడ ఖాళీగ ఊగుతున్నదనుకో, రోగం రోలర్‌ది. రోలర్ మంచిగనే తోస్తుండంగ జల్లెడ ముందట కుప్ప పడ్డదనుకో, రోలర్‌కు ఎంత పెద్ద మోటర్ పెట్టినా గింజ ఎక్కువ రాదు. మరి నీ డబ్బాల కుప్ప యాడ పడుతున్నది?”

పిల్లాడికి ఆ మాట పట్టుకుంది. ఆ రాత్రి ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి కూచున్నాడు. సిటీలోకి రాగానే ప్రాసెసర్ నాలుగు కోర్లూ వంద శాతానికి పోయి అక్కడే అతుక్కున్నాయి. గ్రాఫిక్స్ కార్డు సగం పని చేసి సగం గోళ్లు గిల్లుకుంటోంది. ఇంకో పరీక్ష చేశాడు. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించాడు. గ్రాఫిక్స్ కార్డు బరువు తగ్గింది గానీ సెకనుకు వచ్చే ఫ్రేములు మాత్రం ఒక్కటీ పెరగలేదు. అంటే కుప్ప ప్రాసెసర్ ముందే పడుతోంది. పక్క తలుపు విప్పి చూస్తే ర్యామ్ కూడా ఎనిమిది జీబీది ఒకటే కడ్డీ. రెండోది పెడితే రెండు దారుల్లో సరుకు మోయగలిగే బోర్డు, ఆరేళ్లుగా ఒక్క దారిలోనే మోస్తోంది.

పొద్దున్నే తాతకు చెప్పాడు. తాత రెండో ప్రశ్న వేశాడు. “రోలర్ మారుస్తవ్ సరే. మన మిల్లుకు పడుతదా? ఏ రోలర్ పడుతదో మిల్లు చేసినోనికి ఎరుకుంటది. అమ్మెటోనికి ఎరుకుండదు.”

పిల్లాడు తన మదర్‌బోర్డు పేరుతో ప్రాసెసర్ల జాబితా వెతికి చదివాడు. బీ350 బోర్డు, ఏఎం4 సాకెట్. 2017లో మొదటి రైజెన్‌లు కూచున్న ఈ సాకెట్‌లోనే 5000 సిరీస్ దాకా వచ్చాయి. 300 సిరీస్ పాత బోర్డుల్లోనూ వాటిని పెట్టుకోవచ్చని 2022లో ఏఎండీ ఒప్పుకుంది. బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించుకోవాలి, అంతే. ఆ జాబితాలో రైజెన్ 5 5500 ఉంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. వేడి లెక్క, అంటే టీడీపీ, పాతదానిలాగే 65 వాట్లు, కనక పవర్ సప్లై జోలికి పోనక్కర్లేదు. అదే ఏఎం5కి పోతే బోర్డు మారాలి, డీడీఆర్5 ర్యామ్ కొనాలి. యాభై వేల దారి అదే. పది వేలలో ప్రాసెసరూ, రెండో ర్యామ్ కడ్డీ వచ్చేశాయి.

ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మార్చాలి. పాతది తీసేశాక కొత్తదాన్ని బోర్డు గుర్తుపట్టకపోతే ఇటూ కాదు, అటూ కాదు. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. అందుకని పక్కింటి ఇన్వర్టర్ నుంచి వైరు లాగి, పెన్‌డ్రైవ్ పెట్టి, తెర మీద గీత చివరిదాకా పాకేవరకు ఊపిరి బిగబట్టాడు.

తరవాత పది నిమిషాలు ఆట నడిపి ప్రాసెసర్‌ను వేడి చేశాడు. ప్రాసెసర్‌కూ ఫ్యానుకూ మధ్య ఎండిన పేస్టు మెత్తబడాలిగా. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఫ్యాను నాలుగు స్క్రూలు విప్పాడు. పైకి లాగలేదు. మూత తిప్పినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పి లేపాడు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ కింద ఉంటాయి, 1331. గబుక్కున లాగితే ఫ్యానుకు అతుక్కుని ప్రాసెసరూ ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కొత్తదాని మూల బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి కలిపి వదిలాడు. వేలితో నొక్కకుండానే దిగింది. నడిమధ్య పేస్టు ఎంత పెట్టాలో తాతే చెప్పాడు. “కందిగింజంత.”

ఆ రాత్రి సిటీలో ముప్పైకి పడిపోయే ఫ్రేములు అరవై దాటాయి.

ఆదివారం బావ వికారాబాద్ నుంచి రైలెక్కి వచ్చాడు. ఐ5-8400ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు. “సాకెట్ల మంచిగనే కూచున్నది తాతా. ఫ్యాను తిరుగుతున్నది. తెర మీద బొమ్మే వస్తలేదు.”

ఎనిమిదో తరం ప్రాసెసర్లకు ఇంటెల్ సాకెట్ పేరు 1151 అనే ఉంచింది గానీ, పిన్నుల్లో దేనికి ఏ పని అన్నది మార్చింది. వాటికి ఇంటెల్ 300 సిరీస్ బోర్డు కావాలి. బావ బోర్డు అంతకు ముందుది. బామ్మర్ది ఇదంతా విడమరిచి చెప్పాడు. తాతకు తరాలు, సిరీస్‌లు అర్థం కాలేదు. అసలు సంగతి అర్థమైంది.

“జల్లెడ చట్రం ఒక్కటే కొలతరా. కన్నాలు వేరు. చట్రం చూసి కొన్నవ్.”

బావ తల వంచుకున్నాడు. తగిన బోర్డున్న కుర్రాడెవరికో ఆ ప్రాసెసర్‌ను మూడున్నర వేలకు ఇచ్చేశాడు. పదిహేను వందలు పోయాయి. ఈసారి జాబితా చదివి, తన బోర్డుకు పట్టే వాటిలో పై మెట్టువాటిలో ఒకటైన ఐ7-7700 వాడినది వెతికి తెచ్చాడు. విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుందనీ, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో గడువు తీరుతుందనీ తెలిసే కొన్నాడు. ఇంకో రెండేళ్లు ఆడుకుంటే చాలనుకున్నాడు. రెండేళ్లకు ఎంత పెట్టాలో అంతే పెట్టాడు.

నెల తిరక్కుండానే బామ్మర్ది మళ్లీ తాత దగ్గరికొచ్చాడు. “తాతా, ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు తొంభై ఎనిమిది శాతం చూపిస్తున్నది. కుప్ప అక్కడికి పోయింది. దాన్ని గూడ మార్చాల్నా?”

తాత పకపకా నవ్వాడు. “కుప్ప ఎప్పుడైనా యాడనో ఒక్కచోట ఉంటదిరా. మిల్లు నడుస్తున్నదంటేనే ఉంటది. నీకు గావాల్సినంత పప్పు వస్తున్నదా లేదా, అది చూడు.”

పిల్లాడు ఆలోచించాడు. ఆట ఆగట్లేదు. బావను రోజూ ఓడిస్తున్నాడు. డబ్బా తలుపు మూసి స్క్రూలు బిగించాడు.

నీతి: పాతబడినదాన్నల్లా పారేయక్కర్లేదు, కొత్తదాన్నల్లా తగిలించక్కర్లేదు. పని ఎక్కడ ఆగుతోందో కళ్లతో చూసినవాడికి పది వేలు చాలుతాయి. చూడనివాడికి యాభై వేలూ చాలవు. పేరు కలిసిందని కొన్న చవక సరుకు అన్నిటికన్నా ఖరీదైనది. ఒక అడ్డు తీస్తే ఇంకోటి బయటపడుతుంది, దాని వెంట పరుగెత్తేవాడికి ఖర్చు ఆగదు. చాలినంత వస్తున్నప్పుడు స్క్రూ బిగించడమూ తెలివే.