లెక్క ఎవరి పేరున?

మేముండే షార్లెట్‌కి అరగంట దూరంలో కనాపొలిస్ అనే ఊరుంది. ఒకప్పుడు తువ్వాళ్ళకీ, దుప్పట్లకీ పేరుపడ్డ ఊరు. 2003 జూలై 30న అక్కడి పిల్లోటెక్స్ మిల్లు మూతపడితే, ఒక్క నార్త్ కెరొలైనాలోనే నాలుగు వేలమందికి పైగా ఒక్కరోజులో వీధిన పడ్డారు. చౌకగా దిగిన విదేశీ సరుకు అందుకొక ముఖ్యకారణం.

ఆ మిల్లులో పాతికేళ్ళు పనిచేసినాయన మా పక్కింట్లో ఉండేవారు. ఓసారి మా ఇంట్లో చెయ్యి తుడుచుకుని, తువ్వాలు అంచు తిరగేసి చూశారు. మేడ్ ఇన్ ఇండియా! ఏమీ అనలేదు. మడతపెట్టి ఉన్నచోటే పెట్టారు. నాకే సిగ్గేసింది.

ఇందులో నా తప్పేముంది? సరిహద్దులు తెరుచుకోబట్టే వరంగల్ నుంచి నేనిక్కడికి రాగలిగాను. ఆ తువ్వాలు నేసినచోట ఎవరింట్లోనో పొయ్యిలో పిల్లి లేచింది. ఇవి చిన్న మేళ్ళు కావు. తలుపులు మూసెయ్యమని నేననలేను.

వాణిజ్యంలో మొత్తమ్మీద లాభమే ఎక్కువనీ, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి పరిహారమిచ్చినా ఇంకా మిగులుతుందనీ అర్థశాస్త్రజ్ఞులంటారు. ఇవ్వగలగడం వేరు, ఇవ్వడం వేరు. ఇలాంటి కార్మికుల కోసం 1962లో అమెరికా పెట్టిన సహాయపథకం కూడా 2022 జూలైలో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేసింది.

లాభం నా పేరునా, నష్టం ఆయన పేరునా రాసి, రెండూ కలిపి "దేశానికి లాభమే" అంటే కూడిక సరిపోవచ్చు. న్యాయం సరిపోదు. రేపెవరైనా ఆ పథకాన్ని మళ్ళీ తెస్తామంటే, నా పన్ను పెరిగినా సరే, కాదనే హక్కు నాకు లేదు.