తిరగని నాబ్

లివర్ లాగాను. టక్కుమంది. కౌంటర్ ఒక అంకె ముందుకి జరిగింది. షటర్ నొక్కితే అదీ పలికింది. ఎదురుగా వసారాలో కుర్చీ వేసుకుని అమ్మమ్మ. పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుని, నేను చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి కూర్చుంది. రీలుకి 36 ఫోటోలు. 39 దాటినా లివర్ బిగుసుకోలేదు. లోపల ఫిల్ము చుట్ట నుంచి జారిపోయిందనీ, అంగుళం కూడా కదల్లేదనీ అప్పుడు అర్థమైంది.

పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో నాకు లెన్సుల కన్నా ఫిల్మును ముందుకి జరిపే ఏర్పాటు మీదే ఎక్కువ ఆసక్తి. తప్పు చేయడానికి మనిషికి ఎంత చోటివ్వాలన్నది ఒక్కో కెమెరా ఒక్కోలా తేల్చుకుంది. 1939లో వచ్చిన ఆర్గస్ సి3 బోలెడు చోటిచ్చింది. చిన్న మీట నొక్కి ఫిల్మును విడిపించి నాబ్ తిప్పాలి. ముందువైపున్న ఇంకో మీటతో షటర్ని విడిగా ఎక్కుపెట్టాలి. ఫిల్ము జరపడం మర్చిపోయారా, అదే ఫ్రేము మీద రెండో బొమ్మ పడుతుంది. ఊళ్ళో పెళ్ళిమంటపం మీద రైల్వే స్టేషన్. తప్పెవరిదో వెతుక్కోనక్కర్లేదు.

లైకా ఈ రెండు పనుల్నీ ముడేసింది. నాబ్ తిప్పితే ఫిల్ము జరుగుతుంది, షటరూ సిద్ధమవుతుంది. 1954లో ఎం3 వచ్చి నాబ్ స్థానంలో లివర్ పెట్టింది. మొదట్లో రెండుసార్లు లాగాలి, 1958 నుంచి ఒక్కసారి చాలు. కెమెరాని కంటి దగ్గర్నుంచి దించకుండా బొటనవేలితో పని అయిపోతుంది. లైకా ఎం4 పట్టుకుని వీధులన్నీ తిరిగిన గ్యారీ వినోగ్రాండ్ 1984లో పోయేనాటికి, డెవలప్ చేయని రీళ్ళే దాదాపు 2,500 మిగిలాయి. దానికి లివర్ని తప్పుపట్టను గానీ, ఆర్గస్‌తో అన్ని రీళ్ళు మాత్రం ఊహించలేను.

ఆ ముడి ఒక తప్పుని ఆపింది. ఇంకోదాన్ని కనబడకుండా చేసింది. లివర్ కదిలింది, కౌంటర్ కదిలింది, షటర్ పలికింది. ఏదీ అబద్ధం చెప్పలేదు, కానీ ఫిల్ము సంగతి వాటిలో ఏదీ చెప్పలేదు. అది చెప్పేది ఎడమవైపున్న రివైండ్ నాబ్. లోపల వదులు లేకుండా చుట్టి ఉంటే, ఫిల్ము జరిగిన ప్రతిసారీ అది తిరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. చూడలేదు. పని జరిగిందో లేదో చూసుకోకుండా ‘సక్సెస్’ అని తిప్పి పంపే కోడ్ ఆఫీసులో ఎవరైనా రాస్తే మందలించేది నేనే.

యంత్రం కొంత జాగ్రత్తని తన మీదికి తీసుకున్నప్పుడు, మిగిలిన జాగ్రత్త ఎవరిది? ఆ రోజంతా “కెమెరా మోసం చేసింది” అనుకుంటూనే ఉన్నాను. ఆర్గస్ అయితే ఆ మాట నోటికి వచ్చేది కాదు. సుఖానికి అలవాటుపడ్డ చెయ్యి ముందుగా మర్చిపోయేది తన వంతునే అనిపిస్తుంది.

రెండు వారాల తర్వాత అమ్మమ్మ ఫోన్ చేసింది.

“ఏరా, ఫోటోలు కడిగించావా?”

“ల్యాబ్‌వాళ్ళు రీలు పాడుచేశారు అమ్మమ్మా.”

“పోన్లే, పాపం, వాళ్ళు మాత్రం కావాలని చేస్తారా!”

లేని ల్యాబ్‌వాణ్ణి ఆవిడ క్షమించేసింది. నాకు రావలసిన క్షమాపణ వాడికి వెళ్ళిపోయింది. అడిగి వెనక్కి తెచ్చుకోవాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. అదే కుర్చీ, అదే చీర. ఈసారి లివర్ లాగిన ప్రతిసారీ ఎడమవైపు నాబ్ తిరుగుతోందా అని చూసుకుంటూ తీశాను.

“నన్ను చూడకుండా దాన్నే చూస్తావేంట్రా?” అంది.

చెప్పాను. చెప్పడానికి ఆ రీలు అయిపోయేదాకా పట్టింది.