శాంతి సినిమాలో మా వేషం

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. వెనక బెంచీలోంచి ఒక మిత్రుడు మా వైపు తిరిగి అడిగాడు: ‘దీని గురించి మీవాళ్ళు ఏమంటారు?’

ఉస్మానియా క్యాంపస్‌లో గానీ, తార్నాకలో గానీ, విద్యానగర్‌లో గానీ శాంతి కోసం తీసిన డాక్యుమెంటరీ ఎక్కడ వేసినా మాకు ఈ ప్రశ్న తప్పదు. అడిగినవాడు చెడ్డవాడు కాదు. మా మేలు కోరినవాడే. మతోన్మాదానికి వ్యతిరేకంగా మాతో కలిసి ఊరేగింపుల్లో నడిచినవాడే. అయినా ఆ ఒక్క మాటతో గది రెండైపోతుంది. అంతసేపూ పక్కపక్కన కూచుని ఒకే తెర చూశాం. లైట్లు వెలిగేసరికి వాళ్ళు ప్రేక్షకులయ్యారు, మేం పాత్రలమయ్యాం.

అందుకే అడుగుతున్నాం. శాంతి గురించి చెప్పే సినిమా ఎవరికి చెబుతోంది? ఎవర్ని శాంతించమంటోంది? దెబ్బ తిన్నవాణ్ణి ‘ఊరుకో’ అనడం అహింస అవుతుందా?

మేం చిన్నప్పట్నుంచీ చూసిన శాంతి సినిమా ఒకటుంది. హాల్లో అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ రీలులో వచ్చేది. తర్వాత దూరదర్శన్‌లో వచ్చింది. గుడి గోపురం, మసీదు మినారు, చర్చి శిలువ వరసగా కనిపిస్తాయి. బొట్టు పెట్టుకున్న ఒకాయనా టోపీ పెట్టుకున్న ఒకాయనా చేతులు కలుపుతారు. ఆ టోపీ మాదే. కానీ దాని కింద ఉన్న మనిషికి పేరుండదు, పనుండదు, అప్పులుండవు. అతను దూదేకుతాడో, ఆటో నడుపుతాడో, పంక్చర్లు వేస్తాడో తెలీదు. అతను తెలుగు మాట్లాడగా మేమెప్పుడూ వినలేదు. పీర్ల పండక్కి ఊరంతా కలిసి అలావా చుట్టూ తిరిగిన పల్లెల్లో పుట్టిన మాకు, ఆ టోపీ మనిషి మాకంటే పరాయివాడుగా కనిపించాడు. ఆ సినిమా మమ్మల్ని నవ్వమంటుంది, చేయి చాపమంటుంది. ఏం జరిగిందో మాత్రం చెప్పనివ్వదు.

దీనికి పూర్తిగా వేరైన సినిమా మన నగరంలోనే పుట్టింది. ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ దీపా ధన్‌రాజ్ తీశారు. 1986లో వచ్చింది. హైదరాబాద్ ఏక్తా బృందం దాని వెనక నిలబడింది. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావును దించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రి కుర్చీలో కూచోబెట్టారు. నెల తర్వాత రామారావు మళ్ళీ వచ్చారు. పైన కుర్చీలాట జరుగుతున్న ఆ రోజుల్లోనే కింద పాతబస్తీలో నెత్తురు పారింది. కర్ఫ్యూ పడింది. రెండు వైపుల నాయకుల ఉపన్యాసాలనూ, ఊరేగింపులనూ ఆ సినిమా ఉన్నవున్నట్టు చూపింది. పక్కనే కర్ఫ్యూలో కూలీ దొరకని ఇళ్ళనూ చూపింది. ‘మతాలు కొట్టుకున్నాయి’ అని సరిపెట్టుకోలేదు. ఈ గొడవ ఎవరికి లాభం అని అడిగింది.

ఆ సినిమా మాకు సుఖంగా ఉండదు. మా పేరు మీద, మా భయాల మీద ఎదిగిన నాయకులు కూడా ఆ తెర మీద ఉన్నారు. వాళ్ళు మాట్లాడుతుంటే మేం తల దించుకోవాలి. కానీ టోపీ పెట్టి నిలబెట్టిన సినిమాకంటే, తల దించుకునేలా చేసిన సినిమాయే మమ్మల్ని మనుషులుగా చూసింది. తప్పు చేయగలవాడూ ప్రశ్నించగలవాడూ అయినప్పుడే కదా మనిషి! ఆ సినిమాను 2013లో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ బాగుచేసి మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. మన గాయాన్ని భద్రం చేయడానికి పరాయి దేశం కావలసొచ్చింది.

‘ఇంత చూపించి ఏం లాభం? పుండు మళ్ళీ రేపడం తప్ప’ అంటారు కొందరు. ఈ మాటను కొట్టిపారేయలేం. ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ పూర్తయింది మసీదు కూలకముందే. ముందుగా హెచ్చరించింది. అయినా 1992 డిసెంబరు 6 ఆగలేదు. ఆ సినిమాలో ద్వేషం వద్దని నిబ్బరంగా మాట్లాడిన అయోధ్య పూజారి లాల్‌దాస్‌ను 1993 నవంబరులో చంపేశారు. సినిమా రాయిని ఆపలేదు, తూటాను ఆపలేదు. నిజమే.

మరి ఆపలేనిదాన్ని చూస్తే అంత భయమెందుకు? సెన్సారు సర్టిఫికెట్టూ జాతీయ అవార్డూ ఉన్న ఆ సినిమా కోర్టు చెబితే గానీ దూరదర్శన్‌లో రాలేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు వేస్తుంటే పోలీసులు వచ్చి ఆపారు. 2024 జనవరిలో సైనిక్‌పురిలో మధ్యలో నిలిపేసి, వేసినవాళ్ళ మీద కేసు పెట్టారు. ‘తెలీదు’ అనే వీలు లేకుండా చేయడమే ఇలాంటి సినిమా పని. తెలిసిన తర్వాత కూడా ఊరుకున్నవాడు తన ముఖం తానే చూసుకోవాల్సొస్తుంది. భయం అక్కడుంది.

అహింస మాకు ఎవరో నేర్పాల్సింది కాదు. తెలుగు సినిమా పఠాన్‌ను వడ్డీకోసం కర్ర పట్టుకు తిరిగేవాడుగానే చూపింది. ఆ పఠాన్లలోంచే బాద్షా ఖాన్ వచ్చాడు. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు వచ్చారు. ఆయన జీవితం మీద టెరీ మెక్లూహన్ 2008లో డాక్యుమెంటరీ తెచ్చారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖ్వానీ బజారులో నిరాయుధుల మీద బ్రిటిష్‌వాళ్ళు కాల్పులు జరిపారు. ఆ రోజుల్లోనే అక్కడ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయీలు కాల్చం అన్నారు. హిందూ సిపాయీలు. పఠాన్ల మీద కాల్చనన్నందుకు జైలుకెళ్ళారు. మాకు తెలిసిన అహింస ఇదీ. ఎదురుగా నిలబడినవాడి ఓర్పు సగమే. తుపాకీ పట్టినవాడి నిరాకరణ మిగతా సగం. మన శాంతి సినిమాలు మొదటి సగాన్ని మా దగ్గర అడుగుతాయి. రెండో సగాన్ని ఎవర్నీ అడగవు.

ఇంకొకటి. కెమెరాకు మంట కనిపిస్తుంది, నెత్తురు కనిపిస్తుంది. టు-లెట్ బోర్డు వెనక ఉన్నది కనిపించదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం ఇది. విద్యానగర్ తర్వాతి స్టేషన్ బోర్డు మీద ఇవాళ్టికీ ‘జామై ఉస్మానియా’ అనే ఉంది. ఆ బోర్డు దాటి గల్లీలోకొస్తే, అదే భాష పేరున్న కుర్రాడికి గది దొరకదు. గది చూపిస్తారు. అద్దె చెబుతారు. పేరు అడుగుతారు. ‘అయ్యో, మా చుట్టాలొస్తున్నారు బాబూ’ అంటారు. ఎవరూ కొట్టలేదు. తిట్టలేదు. ఏమని ఫిర్యాదు చేస్తాం? ఈ మర్యాదైన హింసను ఎవరు సినిమా తీస్తారు?

తీస్తే కెమెరా మా ఇళ్ళల్లోకి కూడా రావాలి. దూదేకులవాడితో పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి ఇష్టపడని మా షరీఫ్ ఖాన్‌దాన్లను అది చూడాలి. సినిమా వేసిన గదికి మేం వచ్చి, మా ఆడవాళ్ళను ఇంట్లో వదిలేసి వస్తున్నాం. అదీ చూడాలి. మా మీద జరిగే హింసను అడిగే హక్కు మాకుంది. మేం చేసే హింస గురించి ఊరుకుంటే ఆ హక్కు పలచబడిపోతుంది.

ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో రెండున్నాయి: మేము, మనం. ఎదుటివాణ్ణి బయట ఉంచితే మేము. లోపలికి పిలిస్తే మనం. వేదిక మీద మా మిత్రులు ‘మనమంతా ఒక్కటే’ అంటారు. లైట్లు వెలిగాక ‘మీవాళ్ళు’ అంటారు. మేం ‘మేము’ అని రాస్తున్నామంటే ఇష్టమై కాదు. ‘మనం’లోకి రమ్మని పిలిచి, గుమ్మంలోనే నిలబెట్టారు కనుక.

ఏదో ఒక రోజు సినిమా అయిపోయాక, వెనక బెంచీలోంచి ఆ మిత్రుడే లేచి ‘మనవాళ్ళు ఇదేం పని చేశారు?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేమూ లేస్తాం. మా వైపు లెక్క కూడా తెస్తాం.